ఎల్లేష్ నడిపిన ఎత్తు జీపు

అత్వెల్లిలో అతన్ని డ్రైవర్ ఎల్లేష్ అనే అంటారు. మీసాలు సరిగా రాకముందే శామీర్‌పేట లక్ష్మణ్ పటేలు దగ్గర ట్రాక్టరు ఎక్కాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ద్రాక్షతోటలుండేవి. గంపలు నింపుకొని నగరంలో పండ్ల మార్కెట్టుకు వ్యాను తోలుకుపోయేవాడు. గుంతల రోడ్డులో కూడా గుత్తి నలగకుండా దించుతాడని పటేలు పదిమందిలో చెప్పేవాడు. తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి, వ్యాను పోయి కార్లు వచ్చాయి. ఎల్లేష్ మాత్రం ఆ ఇంటిని అంటిపెట్టుకునే ఉన్నాడు. పటేలుకు గుండె ఆపరేషన్ అయి ఇంటికి పంపే రోజున ఆయన అంబులెన్సు ఎక్కనని మొండికేశాడు. ఎల్లేష్‌ను పిలవండి, కుదుపు లేకుండా తీసుకుపోతాడు అన్నాడట. ఆ ముచ్చట ఎల్లేష్ తన భార్య వజ్రమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో!

పటేలు పోయాక కొడుకు అన్వేష్ వెంచర్ల పనులు చూసుకోసాగాడు. మంచివాడే. చిన్నప్పుడు ఎల్లేష్ ఒళ్లో కూర్చొని స్టీరింగ్ పట్టినవాడు. పెద్దయ్యాక కూడా "ఎల్లేషన్నా" అనే పిలిచేవాడు. అతనికి ఒక జీపు మీద మనసు పడింది. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి గుట్టలూ బండరాళ్లూ ఎక్కించే పిచ్చి ఉండేది. కొన్న కొద్దికాలానికే దాన్ని నగరంలో ఒక గ్యారేజీలో ఎత్తు చేయించాడు. పొడుగాటి స్ప్రింగులు, ఆ ఎత్తుకు తగ్గ లావు టైర్లు వేశారు. ఎక్కాలంటే కాలు తొడ దాకా లేపాలి. అన్వేష్ కూతురు ఇషిత నాలుగో తరగతి. ఆ పిల్లకు ఆ జీపంటే ప్రాణం. అందులో కూర్చుంటే ఆటోల నెత్తి మీదుగా చెరువంతా కనిపిస్తుందనేది. పొద్దున తుర్కపల్లి దారిలో ఉన్న బడికి ఆమెను దింపి, సాయంత్రం తీసుకురావడం ఎల్లేష్ పని.

ఎత్తు పెంచి తెచ్చిన మొదటి రోజే ఎల్లేష్‌కు తేడా తెలిసింది. ఊళ్లో మెల్లగా పోతే ఏమీ ఉండేది కాదు. కరీంనగర్ రోడ్డెక్కి వేగం అందుకుంటే మాత్రం స్టీరింగ్‌లో పట్టు పోయేది. బండి కాసేపు ఎడమకు జరిగేది, సర్దితే కుడికి పోయేది. మలుపు తిప్పి వదిలితే చక్రం తనంతట తాను నేరుగా రావాలి కదా, అదీ రాదు. ఎప్పుడూ చేతులతో పట్టి తేవలసిందే. రోడ్డంతా బండితో బతిమాలుకుంటూ పోయినట్టుండేది.

అన్వేష్‌తో చెప్పాడు. అన్వేష్ ఒక చక్కరు కొట్టి వచ్చి, లావు టైర్ల బండ్లన్నీ కొంచెం అట్లనే ఉంటాయనీ, అలవాటు చేసుకోవాలనీ అన్నాడు. అయినా మాట కొట్టెయ్యకుండా నగరంలో వీల్ అలైన్‌మెంట్ చేయించాడు. అంతా బాగుందని చెప్పి పంపారు. ఎల్లేష్ చేతిలో మాత్రం అది అట్లాగే ఊగింది. మళ్లీ చెప్తే మళ్లీ చేయించాడు. మళ్లీ బాగుందన్నారు. మూడోసారి చెప్పడానికి ఎల్లేష్‌కు నోరు రాలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం బడి నుంచి వస్తుండగా శామీర్‌పేట చెరువు దగ్గర ఎదురుగా కంకర లారీ వచ్చింది. లారీ దాటిన గాలికి జీపు పక్కకు ఒరిగింది. ఎల్లేష్ తిప్పాడు. తిప్పింది ఆలస్యమైందో ఎక్కువైందో, ఎడమ చక్రాలు తారు దిగి బురదలో పడ్డాయి. జీపు కొంతదూరం అట్లాగే జారి ఆగింది. ఇషిత నుదురు అద్దానికి తగిలి బొప్పి కట్టింది. ఇంకేమీ కాలేదు. పిల్ల ఏడవలేదు గానీ ఇల్లు చేరేదాకా సీటు అంచు వదల్లేదు.

ఆ రాత్రి అన్వేష్ కేకలు వేయలేదు. కూతురి నుదుటి మీద మంచుగడ్డ పెట్టి, బయటకు వచ్చి ఎల్లేష్ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఎల్లేషన్నా, నిజం చెప్పు. బండి తప్పా, నీ చెయ్యి తప్పా? నువ్వేం చెప్పినా నేనేమనుకోను."

"బండే చిన్న పటేలా," అన్నాడు ఎల్లేష్. "నా చెయ్యి నాకెరుక లేదా?"

అన్వేష్ తలూపాడు. నమ్మినట్టు ఊపాడో, పెద్దవాణ్ని బాధపెట్టడం ఎందుకని ఊపాడో ఎల్లేష్‌కు అర్థం కాలేదు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చొని జరిగింది చెప్పాడు. వజ్రమ్మ అంతా విన్నది. ఆమెకు కొన్నాళ్లుగా ఒక అనుమానం ఉంది. నడిచేటప్పుడు అతని కుడిచెయ్యి ఊగడం లేదు, ఏదో సంచి పట్టుకున్నట్టు నడుముకు ఆనుకొని ఉండిపోతోంది. ముద్ద కలపడానికి ఎప్పుడూ లేనంత సేపు పడుతోంది. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ వాసన వేసినా పక్కనే కూర్చున్న మనిషికి తెలియలేదు. ఒకసారి మేడ్చల్‌లో డాక్టరుకు చూపించుకుందామని మెల్లగా అంది. ఎల్లేష్ పళ్లెం తోసేసి లేచాడు. బండికి రోగమొస్తే మనిషికి మందేస్తారా అని అరిచాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక బండి తప్పేనని రుజువు చేస్తే తప్ప అతనికి నిద్ర పట్టేలా లేదు. అత్వెల్లిలో హైవే పక్కన మన్నాన్‌కు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. ఎల్లేష్‌కూ అతనికీ పాత స్నేహం. ద్రాక్ష వ్యాను రోజుల్లో మన్నాన్ ఇంకా చక్రాలకు దారం కట్టి కొలిచేవాడు. తర్వాత మిషన్ వచ్చింది, షాపుకు రేకుల కప్పు వచ్చింది, మన్నాన్ గడ్డం నెరిసింది. అన్వేష్‌ను అడిగి ఎల్లేష్ జీపును అక్కడికి తోలుకుపోయాడు.

మన్నాన్ జీపును ర్యాంపు ఎక్కించి కొలతలు చూశాడు, కిందకు దూరి టార్చి వేసి చూశాడు. బయటకు వచ్చి చేతులు తుడుచుకొని, అన్వేష్‌ను పిలిపించమన్నాడు. అన్వేష్ వచ్చాక అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. సైకిల్ ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను నేరుగా పోతుంది. జీపుకూ అదే లెక్క. ఎత్తు పెంచినప్పుడు ముందు ఇరుసు కొద్దిగా తిరిగి ఆ వాలు దాదాపు పోయింది. దాన్నే కాస్టర్ అంటారు. ఈ జీపులో దాన్ని సర్దడానికి బోల్టు ఉండదు కనుక షాపుల్లో మిగతావి సరిచేసి పంపేస్తారు. వాలు తిరిగి రావాలంటే ఇరుసును పట్టే కడ్డీల చివర వేరే రబ్బరు బుష్‌లు వెయ్యాలి, వాటి రంధ్రం నడుమ కాకుండా పక్కకు ఉంటుంది.

అన్వేష్ ఒక్క మాట కూడా ఎదురాడలేదు. అక్కడికక్కడే ఫోన్ చేసి ఆ బుష్‌లు తెప్పించమన్నాడు. తర్వాత ఎల్లేష్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మొదటి దినమే చెప్పినవు అన్నా. నేనే ఇనలే. తప్పు నాది."

ఎల్లేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం వజ్రమ్మకు మిర్చిబజ్జీలు కట్టించుకుపోయాడు. గుమ్మంలోనే నిలబడి మన్నాన్ చెప్పిందంతా చెప్పాడు. సైకిల్ ఫోర్కు సంగతి చేతులతో చూపించాడు. చాలా రోజుల తర్వాత అతను నవ్వడం చూసి ఆమె కూడా నవ్వింది. తన అనుమానం తప్పని ఆ పూటకు ఆమె నిజంగానే నమ్మింది.

బుష్‌లు వచ్చాయి. మన్నాన్ రెండు పూటలు కష్టపడి పాతవి ఒత్తి తీసి కొత్తవి ఎక్కించాడు. తర్వాత తానే హైవే మీదకు తీసి చూశాడు. ఎల్లేష్ పక్కన కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు రాగానే మన్నాన్ వేగం పెంచి రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీశాడు. జీపు చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా నేరుగా పోయింది. ఎల్లేష్ ఆనందం పట్టలేకపోయాడు. నాకియ్యి భాయ్ అని దిగి అటువైపు వచ్చాడు.

అతను కూర్చొని తోలాడు. కొంతదూరం బాగానే పోయింది. వేగం అందుకున్నాక బండి ఎడమకు జరిగినట్టనిపించింది. సర్దాడు. కుడికి పోయింది. మళ్లీ సర్దాడు.

"ఇంకా కొంచెం గుంజుతాంది భాయ్," అన్నాడు.

మన్నాన్ రోడ్డు చూడడం లేదు, అతని చేతులు చూస్తున్నాడు. ఎందరో బండి తీసి చూసేటప్పుడు పక్కన కూర్చున్నవాడు అతను. రోడ్డు వాలుకు ఏ బండైనా వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. తోలేవాడి చెయ్యి దాన్ని తనకు తెలియకుండానే సర్దేస్తుంది. ఎల్లేష్ ఎడమచెయ్యి సర్దుతోంది. కుడిచెయ్యి మాత్రం ఆగి, బండి జరిగిపోయాక గుంజుతోంది. గుంజినప్పుడు ఎక్కువ గుంజుతోంది. ఇప్పుడు తప్పు బండిది కాదని మన్నాన్‌కు తెలిసిపోయింది. ఆ క్షణంలో నిజం చెప్పే ధైర్యం అతనికి రాలేదు.

"అవు, ఇంకా జరంత ఉన్నట్టుంది. రేపటి దాకా ఉంచుపో, చూస్త," అన్నాడు.

మర్నాడంతా జీపు షాపులో ఓ పక్కన నిలబడే ఉంది. మన్నాన్ ఒక్క బోల్టు కూడా ముట్టలేదు. ఎల్లేష్ సాయంత్రం వచ్చి తోలి చూశాడు. నిన్నటిలాగే ఊగింది. ఇంకేమైనా అరిగిందేమో, టైరు లోపమేమో అని అతను ఒక్కొక్కటే అంటూ ఉంటే మన్నాన్‌కు వినబుద్ధి కాలేదు. షాపు ముందున్న తన వ్యాను తాళం తీసి ఎల్లేష్ చేతిలో పెట్టాడు. సామాన్లు తెచ్చుకునే మామూలు వ్యాను అది, ఎత్తు పెంచింది కాదు, లావు టైర్లదీ కాదు.

"ఒకపారి దీన్ని తోలు ఎల్లేష్ భాయ్."

ఎందుకని ఎల్లేష్ అడగలేదు. వ్యాను హైవే ఎక్కింది. మేడ్చల్ వైపు కొంతదూరం పోయాక ఎల్లేష్ అన్నాడు, "నీ బండి సుత గుంజుతాంది భాయ్."

 ఇంకొంచెం దూరం పోయారు. ఎల్లేష్ వేగం తగ్గించి, రోడ్డు దింపి ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగ్ మీదున్న తన కుడిచేతిని చూశాడు. అది ఊరికే ఉంది, వణకడం కూడా లేదు. చూడడానికి ఎప్పటి చెయ్యే.

"ఎప్పటి సంది చూస్తున్నవ్?" అని అడిగాడు.

"నిన్నటి సంది."

"చిన్న పటేలుకు చెప్పినవా?"

చెప్పలేదని, అది తాను చెప్పే మాట కాదని మన్నాన్ అన్నాడు. కానీ పొద్దున లేస్తే ఆ బండిలో కూర్చునేది చిన్నపిల్ల అని కూడా అన్నాడు. ఎల్లేష్ దిగి పక్క సీటులోకి మారాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానును మన్నానే తోలాడు. జీపును అన్వేష్ ఇంటికి చేర్చింది కూడా అతనే.

ఎల్లేష్ ఆ రాత్రి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున మామూలుగా స్నానం చేసి డ్యూటీకి పోయాడు. జీపు బాగైందని అన్వేష్ అప్పటికే ఇంట్లో అందరికీ చెప్పి ఉన్నాడు. ఇషిత పరుగున వచ్చి ఎక్కింది. ఇవాళ ఒక్క రోజు తోలితే ఏమవుతుందని ఎల్లేష్ అనుకున్నాడు. రోడ్డెక్కాక భయం పట్టుకుంది. ఎప్పుడూ లేని భయం. సైకిళ్లు కూడా దాటిపోయేంత మెల్లగా, రోడ్డు అంచు పట్టుకొని తోలాడు. వెనక కంపెనీ క్యాబులు హారన్లు కొట్టాయి, బస్సు డ్రైవరు తల బయటపెట్టి తిట్టి పోయాడు.

"తాతా, బండి బాగైంది గదా, ఎందుకింత మెల్లగ పోతున్నవ్?" అని ఇషిత అడిగింది.

"బడి ఎక్కడికి పోతదమ్మా, పోదాం తియ్," అన్నాడు.

బడికి ఆలస్యమైంది. పిల్ల గేటు దాటి లోపలికి పోయేదాకా చూశాడు. తర్వాత తాళం తిప్పబోయి ఆగిపోయాడు. ఖాళీ బండే, కావాలంటే మెల్లగా ఇంటికి చేర్చవచ్చు. చెయ్యి రాలేదు. గోడ పక్కన నీడలో జీపు అట్లాగే వదిలి కిందకు దిగాడు, దిగి టైరుకు ఆనుకొని కూర్చున్నాడు. అన్వేష్‌కు ఫోన్ చేసి, వచ్చి బండి తీసుకుపొమ్మన్నాడు. ఏమైందని అటు నుంచి అన్వేష్ కంగారుగా అడిగాడు.

"బండి మంచిగనే ఉంది చిన్న పటేలా. నా చెయ్యే మంచిగ లేదు. ఆనాడు నువ్వడిగితే బండి తప్పన్న."

అన్వేష్ వచ్చి అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు.  ఆ వారంలోనే మేడ్చల్ డాక్టరుకు చూపిస్తే ఆయన నగరంలో నరాల డాక్టరు దగ్గరకు పంపాడు. వజ్రమ్మ వెంట ఉంది. ఆ డాక్టరు ఎల్లేష్‌ను వేళ్లు ఆడించి చూపించమన్నాడు, వరండాలో నడిపించాడు, కాగితం మీద పేరు రాయమన్నాడు. పేరు మొదట్లో పెద్దగా ఉండి చివరికి చీమంత అయింది. పార్కిన్‌సన్స్ అన్నాడు. మందులతో కొంత తేలికవుతుంది, రోగం మాత్రం పోదు, నెమ్మదిగా పెరుగుతుంది అని వివరించాడు. డ్రైవింగ్ సంగతి వజ్రమ్మ అడిగింది. ఇక వద్దన్నాడు.

ఎల్లేష్ అడిగింది ఒక్కటే. ఇది ఎప్పటి నుంచి ఉంది సార్ అని. ఖచ్చితంగా చెప్పలేమనీ, బయటపడకముందే ఏళ్ల తరబడి లోపల ఉండవచ్చనీ డాక్టరు చెప్పాడు.

ఆ జవాబు అతన్ని వదలలేదు. చెరువు దగ్గర జీపు తారు దిగిన సాయంత్రం బండిలో దోషం ఉన్నమాట నిజమే, మన్నాన్ కొలిచి చూపించాడు. చేతిలో రోగం ఉన్నమాటా నిజమే. ఆనాడు పిల్ల తల అద్దానికి కొట్టుకుంది ఏ దోషం వల్ల? అన్వేష్ ఆ బండినే అన్ని నెలలు తోలాడు, ఎన్నడూ రోడ్డు దిగలేదు. ఎల్లేష్ ఇదంతా వజ్రమ్మతో అనేవాడు. ఆమె బండిదేనని చెప్పేది. ఆమె అట్లా చెప్పకపోతే బాగుండునని అతనికి అనిపించేది. అంతకుముందు తోలిన రోజులు కూడా అనుమానంలో పడ్డాయి. ఎక్కడో ఒక అద్దం గీరుకున్నది, ఎక్కడో కుక్కపిల్లను తప్పించలేకపోయింది, అన్నీ పైకి వచ్చాయి. పటేలును ఆస్పత్రి నుంచి తెచ్చిన ప్రయాణం గురించి మాత్రం ఆ తర్వాత అతను ఎన్నడూ మాట్లాడలేదు.

అన్వేష్ అతన్ని వదిలెయ్యలేదు. ఒక వెంచరు గేటు దగ్గర కుర్చీ వేయించి, ఊరికే కూర్చుంటే చాలన్నాడు. జీపుకు తుర్కపల్లి నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు, పేరు శ్రీనివాస్. వినయం గల పిల్లాడు. బండి గేటు ముందుకు వస్తే ఎల్లేష్ కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ఊగి, మూడోసారి లేచేవాడు. అంతలో శ్రీనివాసే దిగి వచ్చి గేటు తీసుకునేవాడు. మీరు కూర్చోండి అనేవాడు. కొన్నాళ్లకు ఎల్లేష్ గేటుకు పోవడం మానేశాడు. అన్వేష్ ఇంటికి వచ్చి బతిమాలాడు. ఒంట్లో బాగున్నప్పుడు వస్తానని ఎల్లేష్ అన్నాడు. ఇద్దరికీ తెలుసు, రాడని. వజ్రమ్మ తుర్కపల్లిలో ఒక ల్యాబు క్యాంటీన్లో పనికి కుదిరింది. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

మన్నాన్ శుక్రవారం నమాజు అయ్యాక అప్పుడప్పుడు వచ్చేవాడు. ఒక శుక్రవారం అతని మనసులో ఒక ఆలోచన పుట్టింది. ఎల్లేష్‌ను వ్యానులో ఎక్కించుకొని శామీర్‌పేట అవతల కొత్తగా వేసిన ఒక వెంచరులోకి తీసుకుపోయాడు. ఇంకా ఒక్క ఇల్లూ లేవలేదు. నున్నటి తారు రోడ్లు, పక్కన హద్దురాళ్లు, మనిషి జాడ లేదు. మన్నాన్ బండి ఆపి తాళం దానికే వదిలి దిగాడు.

"ఈడ ఎవ్వరు లేరు. మెల్లగ ఒక్క చక్కరు కొట్టు. నేను పక్కన ఉంట."

ఎల్లేష్ అటు సీటు వైపు చూశాడు. మందుబిళ్ల వేసుకొని ఎక్కువసేపు కాలేదు, చెయ్యి తేలిగ్గానే ఉంది. తోలగలిగి ఉండేవాడేమో. అయినా తల అడ్డంగా ఊపాడు.

"వద్దు భాయ్. మంచిగ పోయిందనుకో, రేపు మల్ల అడుగుత. మంచిగ పోలేదనుకో..." అని ఆపేశాడు.

మన్నాన్ బలవంతం చేయలేదు. తిరిగి వస్తుంటే ఎల్లేష్ తలుపు వైపు ముఖం తిప్పుకొని కూర్చున్నాడు. ఇంటి ముందు దిగడానికి మన్నాన్ చెయ్యి ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చాక ఎల్లేష్ అన్నాడు, "ఇగ బండి తీస్కోని రాకు భాయ్. ఉత్తగ రా."

అట్లాగే అన్నాడు మన్నాన్. ఆ తర్వాత రెండు శుక్రవారాలు నడిచే వచ్చాడు, ఇద్దరూ ఛాయ్ తాగారు. మాట్లాడుకోవడానికి బండ్ల ముచ్చట తప్ప ఇద్దరికీ వేరేది లేదని అప్పుడే తెలిసింది. షాపులో పని పెరిగింది, మన్నాన్ రావడం తగ్గింది. కొత్త సంవత్సరం వచ్చాక ఒక్కసారి కూడా రాలేదు. ఎల్లేష్ ఎవరినీ అడగలేదు.